పిల్లవాడి నిద్ర ఇంటిల్లిపాది పని
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ వేదిక మీద స్కాలర్‌షిప్‌ల గురించి, పదో తరగతి ఫలితాల గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు "చిన్న తరగతుల్లోనే వెనకబడిపోతున్న పిల్లల గురించి ఏదైనా చెప్పండి టీచర్‌గారూ" అని అడిగారు. నేను వాళ్ల చదువు గురించి కాక నిద్ర గురించి చెబుతాను. అందులోనూ ఏడీహెచ్‌డీ ఉన్న నాలుగు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల నిద్ర గురించి.

ఏడీహెచ్‌డీ అనే మాట మీలో చాలామంది వినే ఉంటారు. దృష్టి ఒకచోట నిలవదు, ఒళ్లు కుదురుగా ఉండదు, ఆలోచన వచ్చేలోపే చెయ్యి ఆ పని చేసేస్తుంది. ఇది మెదడు ఎదుగుదలలో ఉన్న తేడా. తల్లి గారాబం చేయడం వల్ల వచ్చేది కాదు, తండ్రి నాలుగు తగిలించకపోవడం వల్ల వచ్చేదీ కాదు. మన ఇళ్లలో ఇలాంటి పిల్లవాడికి ముందు పడే పేరు 'షైతాన్'. ముద్దుగానే మొదలవుతుంది. ఒకటో తరగతికి వచ్చేసరికి ఆ పేరులో ముద్దు పోతుంది. రెండో తరగతిలో బడివాళ్లు "వేరే బడి చూసుకోండి" అంటారు. ఇంట్లో అత్తగారు కోడల్ని అంటుంది, కోడలు పిల్లవాణ్ణి కొడుతుంది. నేను చూసినంతలో ఇలాంటి పిల్లల చదువు డబ్బు లేక ఆగిపోలేదు. ఫీజు మీరు కట్టారు, పుస్తకాలు, సంచీ మీరే కొనిచ్చారు. ఇల్లూ బడీ రెండూ విసిగిపోయాయి కాబట్టి ఆగిపోయింది.

మరి దీనికీ నిద్రకూ ఏమిటి సంబంధం? పెద్దవాళ్లం నిద్ర చాలకపోతే కునుకు తీస్తాం. చిన్నపిల్లలు చాలాసార్లు అలా చేయరు. నిద్ర చాలని పిల్లవాడు ఇంకా ఎగురుతాడు, చిన్న మాటకే ఏడుస్తాడు, పక్కవాణ్ణి గిల్లుతాడు, చెప్పింది చెవికెక్కించుకోడు. అంటే ఏడీహెచ్‌డీ లేని పిల్లవాడు కూడా ఉన్నవాడిలా కనిపిస్తాడు. ఉన్నవాడికైతే ఆ లక్షణాలు ముదురుతాయి. ఇంకో చిక్కేమిటంటే, ఈ పిల్లలకు మామూలు పిల్లల కంటే నిద్ర పట్టడమే కష్టం. దీపం ఆర్పాక వాళ్ల బుర్రలో బజారు తెరుచుకుంటుంది. నిద్ర లేక కుదురు తగ్గుతుంది, కుదురు లేక నిద్ర పట్టదు. గానుగెద్దులా ఇల్లంతా ఆ చుట్టూనే తిరుగుతుంది. పూర్తి చికిత్సకు డాక్టరు కావాలి, సమయం కావాలి. నిద్ర సంగతి మాత్రం ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.

కాస్త లెక్క వేద్దాం. నేను టీచర్ని, లెక్క లేకుండా మాట్లాడలేను. నిద్ర వైద్యులు చెప్పే ప్రమాణం ప్రకారం మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు, ఆరేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు 9 నుంచి 12 గంటలు నిద్ర కావాలి. ఒకటో తరగతి పిల్లవాడు ఉదయం ఆరున్నరకు లేవాలనుకోండి. తొమ్మిది గంటల నిద్ర కావాలంటే రాత్రి తొమ్మిదిన్నరకల్లా నిద్రపోయి ఉండాలి. పదకొండున్నరకు నిద్రపోతే దక్కేది ఏడు గంటలు. రోజుకు రెండు గంటల బాకీ, వారానికి పద్నాలుగు గంటలు. అంటే వారంలో ఒక రాత్రంతా, పైన ఇంకొంత నిద్ర పోకుండా కూర్చున్నట్టే. అలాంటి పిల్లవాడు సోమవారం పొద్దున ప్రార్థన వరుసలో తిన్నగా నిలబడలేదని మనం చెవి మెలేస్తాం.

"ఇదంతా అమ్మమ్మ కబుర్లు, దీనికి రుజువేముంది?" అనే కుర్రవాళ్లు వెనక వరుసలో ఉంటారు, మంచిదే. ఆస్ట్రేలియాలో ఏడీహెచ్‌డీతో పాటు నిద్ర ఇబ్బంది కూడా ఉన్న 244 మంది అయిదు నుంచి పన్నెండేళ్ల పిల్లల మీద ఒక అధ్యయనం చేశారు. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. సగంమంది కుటుంబాలకు నిద్ర అలవాట్లు ఎలా మార్చాలో రెండుసార్లు కూర్చోబెట్టి చెప్పారు, తర్వాత ఒకసారి ఫోన్ చేసి మాట్లాడారు. చేసింది అంతే. ఆ పిల్లల నిద్ర బాగుపడింది, ఏడీహెచ్‌డీ లక్షణాలు కొంత తగ్గాయి, ఆరు నెలల తర్వాత కూడా ఆ మేలు కనిపించింది. జబ్బు మాయమైందని ఎవరూ అనలేదు, నేనూ అనడం లేదు.

ఇక మన ఇళ్ల సంగతికి వద్దాం. ఇంగ్లీషు పుస్తకాల్లో 'పిల్లవాణ్ణి తన గదిలో పడుకోబెట్టండి' అని రాసి ఉంటుంది. మన బస్తీలో రెండు గదుల్లో ఏడుగురు ఉంటారు. టీవీ ఉన్నచోటే పరుపు పరుస్తారు. కాబట్టి వేరే గది మాట మరిచిపోండి. వేరే మూల చాలు. గోడవైపు ముఖం పెట్టి పడుకునేలా, మిగతా ఇంటి వెలుగు కళ్లలో పడకుండా ఒక పాత చీరో దుపట్టానో తాడు మీద వేలాడదీస్తే చాలు. దోమతెర ఉంటే అదే వాడి గది. ఫ్యాను చప్పుడు మంచిదే, బయటి చప్పుళ్లను మింగేస్తుంది. పిల్లవాడు తల్లి పక్కన పడుకుంటే తప్పేమీ లేదు. కానీ తల్లి అంట్లు తోముకుని వచ్చేదాకా మేలుకుని ఉండటం మాత్రం కుదరదు.

అన్నిటికంటే కష్టమైంది తండ్రి వచ్చే వేళ. దీని గురించి ఏ పుస్తకమూ చెప్పదు. మన తండ్రుల్లో ఆటో నడిపేవాళ్లున్నారు, హోటళ్లలో పనిచేసేవాళ్లున్నారు, చెప్పుల దుకాణం మూసి వచ్చేవాళ్లున్నారు. ఇంటికి చేరేది పదిన్నర, పదకొండు. రోజంతా చూడని బిడ్డను అప్పుడు ఎత్తుకుంటాడు, ఫోన్‌లో వీడియో చూపిస్తాడు, తెచ్చిన మిఠాయి తినిపిస్తాడు. 'అబ్బూ' వచ్చేదాకా పిల్లవాడు కళ్లు మూయడు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. ఆ పేదవాడికి బిడ్డతో గడిపే సమయం రోజంతటికీ ఆ అరగంటే. అది తీసేసుకోండని నేను చెప్పలేను, పొద్దుటికి మార్చుకోండని చెబుతాను. బడికి దిగబెట్టే పని తండ్రిది చేయండి. దారిలో చెయ్యి పట్టుకుని నడుస్తూ మాట్లాడుకునే పదిహేను నిమిషాలు రాత్రి పదకొండింటి మిఠాయికి తీసిపోవు. మా బడిలో ఒక ఆటో డ్రైవర్ ఇలాగే చేస్తున్నాడు. రాత్రి తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ పిల్లవాడి దిండు పక్కన పెడతాడు. పొద్దున ఇద్దరూ కలిసి తింటారు. తండ్రి వచ్చింది కల కాదని ఆ ప్యాకెట్టే సాక్ష్యమట! ఈ మాట ఆ పిల్లవాడే నాకు చెప్పాడు.

నిద్రకు ముందు గంట ఎలా గడుస్తుందన్నది ముఖ్యం. ఈ పిల్లలకు గడియారం తెలియదు, వరస తెలుస్తుంది. మగ్రిబ్ అజాన్ వినపడగానే వీధి ఆట బంద్, కాళ్లు కడుక్కుని ఇంట్లోకి రావాలి అన్న నియమం మన ఇళ్లలో ముందునుంచీ ఉన్నదే, దాన్ని నిలబెట్టండి. అయితే మగ్రిబ్ చలికాలంలో ఆరు లోపే వస్తుంది, జూన్‌లో ఏడు దగ్గరపడుతుంది. కాబట్టి ఇంటికి రావడానికి అజాన్, పడుకోవడానికి గోడ గడియారం. ఎండాకాలమైనా చలికాలమైనా పక్క వేసే వేళ మారకూడదు. అన్నం, స్నానం, పళ్లు తోముకోవడం, ఒంటికి వెళ్లి రావడం, ఒక కథ, దీపం తీయడం. ఈ వరస రోజూ ఒకటే. నాలుగు పనులు ఒకేసారి చెబితే ఈ పిల్లవాడికి మొదటిదే గుర్తుండదు. అట్టముక్కల మీద బొమ్మలు గీసి గోడకు అంటించండి, ఒక్కో పని అయ్యాక వాడే ఒక్కో అట్ట తిప్పుతాడు. బొమ్మలు బాగా రాకపోయినా ఫర్వాలేదు. నేను గీసిన స్నానం బకెట్‌ను పిల్లలు హలీం డేగ్చీ అనుకున్నారు, పని మాత్రం జరిగింది.

ఆ గంటలో టీవీ, ఫోన్ రెండూ వద్దు. వెలుగు కంట్లో పడుతున్నంతసేపు మెదడు ఇంకా పగలే అనుకుంటుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ ఆలస్యంగా ఊరుతుంది. చాయ్ సంగతి చెబితే మీకు కోపం వస్తుంది. సాయంత్రం చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినడం మన పిల్లల జన్మహక్కులా అయిపోయింది. బిస్కెట్ ఇవ్వండి, పాలలో ముంచుకోమనండి.

ఇప్పుడు పదకొండున్నరకు పడుకుంటున్న పిల్లవాణ్ణి రేపే ఎనిమిదిన్నరకు పడుకోమంటే మూడు గంటలు యుద్ధం జరుగుతుంది. ముందు లేచే వేళను గట్టిచేయండి. ఆదివారమైనా అదే వేళకు లేపండి. తర్వాత పడుకునే వేళను మూడు నాలుగు రోజులకొకసారి పావుగంట చొప్పున ముందుకు జరపండి. "నీళ్లు కావాలి", "దాదీకి ఒక మాట చెప్పాలి" అంటూ పదిసార్లు లేచే పిల్లవాడికి రాత్రికి ఒక చీటీ ఇవ్వండి. ఆ చీటీతో ఒక్కసారి లేవవచ్చు, వాడాక అమ్మకు ఇచ్చేయాలి. వాడకుండా దాచుకుంటే పొద్దున చిన్న బహుమతి. మరొక్క మాట, పడుకోబెట్టడాన్ని శిక్షగా వాడకండి. "అల్లరి చేస్తే పడుకోబెట్టేస్తా" అన్న ఇంట్లో పక్క చూస్తేనే పిల్లవాడికి భయం వేస్తుంది.

రంజాన్ నెలలో ఇదంతా తలకిందులవుతుందని నాకు తెలుసు. మూడున్నర, నాలుగింటికి ఇల్లంతా సహరీకి లేస్తుంది, రాత్రిళ్లు బజార్లు వెలుగుతుంటాయి. ఈ వయసు పిల్లలకు ఉపవాసం విధి కాదు. వాళ్లను సహరీకి లేపనక్కర్లేదు. వంటింటికి దూరంగా ఉన్న మూలలో పడుకోబెట్టండి, ఇఫ్తార్ అందరితో కలిసి చేయనివ్వండి. పండుగ సంతోషం అందులోనే దొరుకుతుంది. ఇక రాత్రి పన్నెండింటికి భోజనాలు వడ్డించే మన పెళ్లిళ్లు! ఫంక్షన్ హాళ్లకు అడ్వాన్సులు ఇచ్చే పెద్దలు చాలామంది ఈ సభలోనే ఉన్నారు. పిల్లలున్న బల్లలకు తొమ్మిదింటికే వడ్డించండి. మీ గౌరవానికేమీ లోటు రాదు.

అలవాట్లతో తీరని సంగతులు కొన్ని ఉన్నాయి. పిల్లవాడు రోజూ గురక పెడుతున్నా, నోటితో ఊపిరి తీస్తున్నా, నిద్రలో శ్వాస ఆగి ఉలిక్కిపడుతున్నా టాన్సిల్స్, ఎడినాయిడ్స్ వాచి ఉండవచ్చు. దాని వల్ల నిద్ర చెడి పిల్లవాడు ఏడీహెచ్‌డీ ఉన్నట్టే కనిపించవచ్చు. కాళ్లలో ఏదో పాకుతోందంటూ తన్నుకుంటుంటే ఒంట్లో ఇనుము తక్కువగా ఉందేమో రక్తపరీక్ష చేయించాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఏడీహెచ్‌డీ మందు వాడుతున్న పిల్లలకు కొన్ని మందులు పొద్దెక్కాక వేస్తే నిద్ర పట్టదు. డాక్టరును అడిగి వేళ మార్పించండి, మీరే ఆపేయకండి. ఒక మూత దగ్గుమందు పోస్తే పడుకుంటాడని కొందరు తల్లులు పోస్తున్నారు. దయచేసి మానండి. ఆ మందుతో కొందరు పిల్లలు ఇంకా రెచ్చిపోతారు. దువా చేయించండి, మౌల్వీగారితో ఊదించండి, నేను వద్దనను. డాక్టరు దగ్గరికి కూడా వెళ్లండి.

ఎక్కడికి వెళ్లాలి? రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వం పిల్లల్లో గుర్తించాల్సిన లోపాల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది. బడికి వచ్చే ఆరోగ్య బృందానికి చెబితే, జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపిస్తారు. ఇంట్లో తల్లే కుంగిపోతుంటే 14416కు ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, డబ్బు తీసుకోరు.

చివరిగా దాతలకు ఒక కోరిక. ఆసుపత్రిలో ఓపీ చీటీకి డబ్బు లేక ఎవరూ ఆగిపోవడం లేదు. ఆరోజు కూలి పోతుందని ఆగిపోతున్నారు. ఇలాంటి పిల్లవాణ్ణి తీసుకెళ్లే తండ్రికి ఒకరోజు కూలి, ఆటో ఛార్జీ ఇచ్చేందుకు సొసైటీ పద్దులో ఒక చిన్న గీత గీయండి. స్కాలర్‌షిప్ దరఖాస్తు పరిశీలనకు ఇళ్లకు వెళ్లే మన వాలంటీర్లు ఆదాయం ఎంత, అద్దె ఎంత అని అడుగుతారు. దాని కిందే ఇంకో ప్రశ్న చేర్చండి: చిన్నవాడు రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు? జవాబు పదకొండు అని వస్తే ఆ కాగితం నాకు పంపండి. సాయంత్రాలు నేను ఖాళీయే, వెళ్లి ఆ ఇంటివాళ్లతో కూర్చుంటాను.