పేరు, సంతకం, ఓటు

(రాత్రి బడి మహిళల సమావేశంలో ఒక వాలంటీరు టీచరు చేసిన ప్రసంగం)

అమ్మలారా, అక్కలారా, పిన్నులారా!

పగలంతా కూలి పని చేశారు. ఇంటికొచ్చి అంబలి కాచారు. పిల్లల్ని పడుకోబెట్టి బడికి వచ్చారు. ఎక్కువసేపు మాట్లాడి మిమ్మల్ని విసిగించను. కాని ఒక మాట చెప్పకుండా ఉండలేను.

పోయిన గ్రామసభ మీకు గుర్తుందా? రిజిస్టరు మన వైపు వచ్చింది. మన బడి వాళ్లు పదకొండు మంది సంతకాలు పెట్టారు. ఒక్కరూ వేలిముద్ర వేయలేదు. నాకు ఎంతో సంతోషం వేసింది. ఆ సంతోషంలో నేనూ సంతకం పెట్టేశాను.

ఇంటికి వస్తూ దారిలో అడిగాను. "ఆ పేజీలో పైన ఏం రాశారు?" అని. ఎవరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ చదవలేదు. టీచర్ ట్రైనింగ్ అయినదాన్ని, మీకు చదువు చెప్పేదాన్ని, నేనే చదవకుండా సంతకం పెట్టాను. ఆ తప్పు నాది.

ఆ రాత్రి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. మా తాతయ్య పోయిన ఏడాది, బంధువు ఒకాయన కాగితం పట్టుకొచ్చాడు. "సాక్షి వేలిముద్ర, అంతే" అన్నాడు. అమ్మమ్మ వేలిముద్ర వేసింది. నాలుగు నెలల తర్వాత తెలిసింది, ముప్పై సెంట్ల జీడితోట ఇక ఆమెది కాదని. "నాకు అచ్చరం ముక్క తెలిస్తే ఆ తోట ముక్క పోయేదేటి?" అని ఆమె ఇప్పటికీ అంటుంది.

అమ్మమ్మకు చదువు రాదు. మనకు వచ్చు. వచ్చి కూడా చదవకపోతే వేలిముద్రకూ సంతకానికీ తేడా ఏముంది?

అందుకే ఈ రోజు సంతకాల కథ చెబుతాను. ఇది మన ఊరి కథ కాదు. చాలా దూరంలో మొదలై మన దగ్గరికి వచ్చిన కథ.

చీపురు కర్రకు చుట్టిన అర్జీ

న్యూజిలాండ్ అనే దేశం ఉంది. సముద్రంలో రెండు పెద్ద దీవులు. మనకు తూర్పు దక్షిణంగా వేల మైళ్ల దూరం. 130 ఏళ్ల కిందట ఆ దేశంలో తాగుడు ఎక్కువగా ఉండేది. మగవాళ్లు కూలి డబ్బులు తాగేసేవారు. ఇంట్లో పిల్లలు పస్తులు. ఆడవాళ్లు తాగుడు మాన్పించాలని సంఘం పెట్టారు. సభలు జరిపారు. పెద్దలకు అర్జీలు పెట్టారు. ఎవరూ పట్టించుకోలేదు.

ఎందుకు పట్టించుకోలేదు? ఆడవాళ్లకు ఓటు లేదు. ఓటు లేనివాళ్ల మాట ఎవరికి కావాలి?

అప్పుడు ఆ సంఘంలోని కేట్ షెపర్డ్ అనే ఆమె "ముందు మనకు ఓటు కావాలి" అన్నది. ఊరూరా అర్జీ కాగితాలు పంపింది. ఆడవాళ్లు ఇల్లిల్లూ తిరిగి సంతకాలు పెట్టించారు. మొదటిసారి అడిగారు, రాలేదు. రెండోసారి అడిగారు, రాలేదు. 1893లో మూడోసారి అడిగారు. ఈసారి దాదాపు 32 వేల మంది ఆడవాళ్లు సంతకాలు పెట్టారు.

వచ్చిన కాగితాలను కేట్ షెపర్డ్ ఒకదాని కింద ఒకటి అంటించింది. చాపలా చుట్టడానికి మధ్యలో ఏం పెట్టిందో తెలుసా? చీపురు కర్ర ముక్క! ఆ చుట్ట పొడవు సుమారు 270 మీటర్లు. మన బడి నుంచి చెరువు గట్టు దాకా పరచవచ్చు. చట్టసభలో ఒక సభ్యుడు ఆ చుట్టను నేల మీద దొర్లించాడు. అది విప్పుకుంటూ పోయి ఆ చివర గోడకు తగిలింది.

1893 సెప్టెంబరు 19న చట్టం వచ్చింది. చట్టసభ ఎన్నికల్లో ఆడవాళ్లందరికీ ఓటు ఇచ్చిన మొదటి దేశం న్యూజిలాండ్. కాని ఒక సంగతి గమనించండి. ఓటు వేయడానికి హక్కు వచ్చింది. ఎన్నికల్లో నిలబడే హక్కు రావడానికి 1919 దాకా ఆగవలసి వచ్చింది. హక్కులన్నీ ఒక్కసారి రావు. ఒకటి వచ్చాక ఇంకొకటి అడగాలి.

తర్వాత ఒక్కొక్క దేశమే దారికి వచ్చింది. అమెరికాలో 1920లో దేశమంతటా ఆడవాళ్లకు ఓటు వచ్చింది. మనల్ని ఏలిన ఇంగ్లండులో 1918లో 30 ఏళ్లు దాటిన కొందరికే ఇచ్చారు. మగవాళ్లతో సమానంగా రావడానికి 1928 దాకా పట్టింది. గడియారాలకు పేరుపొందిన స్విట్జర్లాండ్ దేశంలో అయితే 1971 దాకా దేశ ఎన్నికల్లో ఆడవాళ్లకు ఓటు లేదు. అంటే అప్పటికి మన ఊళ్లలో ఆడవాళ్లు చాలాసార్లు ఓటు వేసేశారు! ధనవంతుల దేశమైతే ఆడవాళ్లకు గౌరవం ముందే వస్తుందని అనుకోకండి.

మన దేశంలో ఎలా వచ్చింది?

"ఏటమ్మా, ఆ దేశాల గోల మాకెందుకు?" అని ఒక అప్ప అడుగుతోంది. వస్తున్నాను, మన దగ్గరికే వస్తున్నాను.

1917 డిసెంబరులో ఇంగ్లండు నుంచి ఒక మంత్రి మద్రాసుకు వచ్చాడు. పేరు మాంటేగు. కొందరు ఆడవాళ్లు కలిసి వెళ్లి ఆయనకు అర్జీ ఇచ్చారు. వాళ్లకు నాయకురాలు సరోజినీ నాయుడు. మన హైదరాబాదులో పుట్టిన ఆమె. "మగవాళ్లకు ఓటు ఇచ్చేటప్పుడు మాకూ ఇవ్వండి" అని అడిగారు.

1921లో మద్రాసు చట్టసభ ఒప్పుకుంది. తెల్లదొరలు నేరుగా ఏలే రాష్ట్రాల్లో మద్రాసే మొదటిది. అప్పుడు మన విజయనగరం మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. కాబట్టి ఆ హక్కు మన ప్రాంతానికీ వచ్చింది. అయితే ఎవరికి? ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు. నాట్లు వేసే ఆడదానికి, గోగునార తీసే ఆడదానికి రాలేదు. ఆమెకు ఓటు రావాలంటే దేశానికి స్వాతంత్ర్యం రావలసి వచ్చింది.

దుర్గాబాయి సంతకం

ఇప్పుడు మన తెలుగు ఆడపడుచు ఒకామె గురించి చెబుతాను. ఆమె పేరు దుర్గాబాయి. 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లి వద్దనుకుంది. చదువుకుంటానని పట్టుబట్టింది.

1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభలు జరిగాయి. దుర్గాబాయికి అప్పుడు 14 ఏళ్లు. ప్రదర్శన గుమ్మం దగ్గర టిక్కెట్లు చూసే పని ఆమెకు ఇచ్చారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చారు. టిక్కెట్టు లేదు. ఆమె లోపలికి పోనివ్వలేదు. పెద్దలు కంగారుపడి టిక్కెట్టు కొన్నాకే వదిలింది. నెహ్రూ కోపగించుకోలేదు. ఆ పిల్లను మెచ్చుకున్నారు. చేసే పని తెలిసి చేసేవాళ్లు ఎవరికీ భయపడరు.

ఉప్పు సత్యాగ్రహంలో ఆమె జైలుకు వెళ్లింది. జైల్లో చదువురాని ఆడవాళ్లను చూసింది. తమ మీద పెట్టిన కేసు ఏమిటో కూడా వాళ్లకు సరిగా తెలియదు. వాళ్ల కోసం లా చదవాలనుకుంది. బయటికొచ్చి, మధ్యలో ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టింది. లాయరు అయింది. చదువు ఆగిపోయిన ఆడపిల్లల కోసం మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టింది.

స్వాతంత్ర్యం వచ్చే రోజుల్లో రాజ్యాంగం రాయడానికి ఢిల్లీలో సభ కూర్చుంది. రాజ్యాంగం అంటే దేశాన్ని ఎలా నడపాలో రాసుకున్న పెద్ద చట్టం. వందల మంది మగవాళ్లున్న ఆ సభలో ఆడవాళ్లు 15 మంది. అందులో దుర్గాబాయి ఒకరు. ఆడవాళ్ల ఆస్తి హక్కు గురించి ఆమె గట్టిగా మాట్లాడింది. 1950 జనవరి 24న సభ్యులు ఆ రాజ్యాంగం మీద సంతకాలు చేశారు. దాని మీద దుర్గాబాయి సంతకం ఉంది.

ఆ సంతకాల కిందనే మనందరికీ ఓటు వచ్చింది. ఆడ, మగ తేడా లేదు. ఉన్నవాడు, లేనివాడు తేడా లేదు. కులం తేడా లేదు. మొదట 21 ఏళ్లు నిండినవారికి ఇచ్చారు. 1989 నుంచి 18 ఏళ్లు నిండితే చాలు.

పేరు చెప్పని ఆడవాళ్లు

హక్కు వచ్చింది. తర్వాత ఏమైందో వినండి.

1951, 52లో మొదటి ఎన్నికలు జరిగాయి. ఓటర్ల పట్టీ రాసేవాళ్లు ఇల్లిల్లూ తిరిగారు. "నీ పేరేమిటమ్మా?" అని అడిగారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఎంతోమంది ఆడవాళ్లు పేరు చెప్పలేదు. "పలానా ఆయన భార్యను" అన్నారు. "పలానా అబ్బాయి తల్లిని" అన్నారు. పరాయి మగవాడికి పేరు చెప్పడం వాళ్ల ఆచారం కాదు. సొంత పేరు లేకుండా ఓటు ఇవ్వడం కుదరదని ఎన్నికల అధికారులు అన్నారు. అలా సుమారు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు పట్టీ నుంచి తీసేశారు.

28 లక్షల మంది! చేతికొచ్చిన ఓటు పేరు చెప్పనందుకు పోయింది. మనం మొదటి రోజున పలక మీద ఏం రాశాం? మన పేరే రాశాం. అది ఎందుకో ఇప్పుడు తెలిసిందా?

దూబగుంట

మళ్లీ తాగుడు కథకు వద్దాం. ఈసారి న్యూజిలాండ్ కాదు, నెల్లూరు జిల్లా.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు. అక్కడా మన బడిలాంటి రాత్రి బడే. వాచకంలో సారా గురించి ఒక పాఠం ఉంది. అక్కడి ఆడవాళ్లు ఆ పాఠం చదివారు. "ఇది మన కథే కదా" అన్నారు. రోశమ్మ మొదలైనవారు ముందు నడిచారు. అందరూ కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ ఊరి కథను తర్వాతి వాచకంలో పాఠంగా వేశారు. అది చదివి పక్క ఊళ్లు కదిలాయి. 1992లో జిల్లా అంతా కదిలింది. సారా పాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డుకున్నారు. తర్వాత రాష్ట్రమంతా అందుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారా నిషేధించింది.

న్యూజిలాండ్ ఆడవాళ్లకు ఓటు వచ్చింది 1893లో. సారా ఆగింది 1993లో. సరిగ్గా నూరేళ్లు. వాళ్లు తాగుడు మాన్పించాలని బయలుదేరి ఓటు సాధించారు. మనవాళ్లకు ఓటు అప్పటికే ఉంది. చదువు రాగానే దానికి బలం వచ్చింది.

1995 జనవరిలో అన్ని రకాల మద్యం మీదా నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. గెలిచాక ఇంటికి వెళ్లి కూర్చుంటే గెలుపు నిలవదు. ఇదీ మనం నేర్చుకోవలసిన పాఠమే.

ఇప్పుడు మన వంతు

ఆడవాళ్లు పెద్ద పదవులు చేయలేరని ఇంకా ఎవరైనా అంటే ఈ పేర్లు చెప్పండి. 1960లో మన పొరుగున ఉన్న శ్రీలంకలో సిరిమావో బండారనాయకే ప్రధానమంత్రి అయ్యారు. ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని ఆమె. 1966లో ఇందిరాగాంధీ మన దేశ ప్రధాని అయ్యారు. మన పక్క శ్రీకాకుళం జిల్లాకు చెందిన కావలి ప్రతిభా భారతి 1999లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ స్పీకరు అయ్యారు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ, దళిత మహిళ ఆమె.

1993లో పంచాయతీల చట్టం మారింది. మూడింట ఒక వంతు స్థానాలు ఆడవాళ్లకు ఇచ్చారు. మన రాష్ట్రంలో 2011లో దాన్ని సగం చేశారు. లోక్‌సభలో, శాసనసభల్లో మూడింట ఒక వంతు ఇవ్వాలని 2023లో చట్టం చేశారు. జనాభా లెక్కలు, నియోజకవర్గాల విభజన అయ్యాక అమలు చేయాలని అందులోనే రాశారు.

కుర్చీలు వచ్చాయి. కాని ఎన్నో ఊళ్లలో పేరు భార్యది, పెత్తనం భర్తది. ఆమె ఇంట్లో ఉంటుంది. రిజిస్టరు ఇంటికి వస్తుంది. చూపించిన చోట సంతకం పెడుతుంది. ఆ సంతకానికి రేపు జవాబు చెప్పవలసింది ఎవరు? ఆమే.

గ్రామసభలో ఊరి ఓటర్లందరూ సభ్యులే. మీరూ సభ్యులే. అక్కడ చదవమని అడగడం తప్పు కాదు, గొడవ కాదు. "అయ్యా, పైన రాసింది ఒకసారి చదవండి, విని సంతకం పెడతాం" అంటే చాలు. ఇంకా మంచిది, మనలో ఒకరే లేచి చదవాలి. తడబడితే తడబడనివ్వండి. కూడబలుక్కుని చదివినా అది చదువే. నవ్వేవాళ్లు నాలుగు రోజులు నవ్వుతారు.

వచ్చే గ్రామసభకు నేనూ వస్తాను. మీ వెనకే కూర్చుంటాను. రిజిస్టరు మన వైపు వచ్చినప్పుడు ముందు పైనున్న గీత దగ్గర వేలు పెట్టండి. అక్కడి నుంచి కింది దాకా చదవండి. తర్వాతే కలం తీయండి. ఈసారి నేను కూడా అలాగే చేస్తాను.



ఆలోచించండి, మాట్లాడుకోండి

1. న్యూజిలాండ్ ఆడవాళ్లు ఓటు ఎందుకు అడిగారు? మూడుసార్లు ఎందుకు అడగవలసి వచ్చింది?
2. 28 లక్షల మంది ఆడవాళ్ల ఓటు ఎందుకు పోయింది?
3. మీరు చదవకుండా సంతకం గాని, వేలిముద్ర గాని వేసిన కాగితం ఏదైనా ఉందా? అందులో ఏముందో ఇప్పుడు చదివి చూడండి.
4. వచ్చే గ్రామసభలో రిజిస్టరు ఎవరు చదువుతారు? ఈ రోజే నిర్ణయించుకోండి. ఆమె పేరు పలక మీద రాయండి.