కనుమ ఎరిగిన బిడ్డకు కణభౌతికం దూరమా?



మాతృభాషలో విజ్ఞానం పైమెట్టు వరకు సాగునా అని మన కోరాపుట్టు, రాయగడ తెలుగు కుటుంబాలే సందేహిస్తున్నాయి. ఒక ఉదాహరణ మనవి చేస్తాను.

ప్రోటానులో క్వార్కులను బంధించే బలాన్ని, 1974లో కెన్నెత్ విల్సన్ చూపిన మార్గాన, స్థలకాలాలను గళ్ళుగా విభజించి కంప్యూటరుపై గణిస్తారు. గడిగడికీ సంఖ్యలు, పరిమాణాలు నాలుగు. అది కంటికి అందే బొమ్మ కాదు.

ఇప్పుడు మన కొలాబు జలాశయాన్ని తలచుకోండి. నీరు తగ్గేకొద్దీ గుట్టలు ద్వీపాలుగా తేలుతాయి. కనుమ బయటపడిన చోట రెండు ద్వీపాలు ఒకటవుతాయి. ఏ మట్టంలో ఏది తేలింది, ఏది దేనితో కలిసింది అని గీస్తే వంశవృక్షం వంటిది ఏర్పడుతుంది. ఎన్ని పరిమాణాలకైనా ఇట్టి వృక్షాన్ని గణించే పద్ధతిని 2000లో కార్, స్నోయింక్, ఆక్సెన్ ప్రకటించారు. తరువాత దానిని ఈ గళ్ళ లెక్కలకూ అన్వయించారు. చాలా మట్టాల పాటు విడిగా నిలిచిన ముద్ద పరిశీలింపదగినది. వెంటనే కలిసిపోయేది తరచు నలుసే.

ఆ కలయిక బిందువును ఆంగ్లంలో గుర్రపు జీనుతో పోల్చారు. జీను ఎరుగని మన బిడ్డకు కనుమ తెలుసు.

1936లో మన ప్రాంతం ఒడిశాలో కలిసింది. ఒడియా నేర్వవలసిందే, ఆంగ్లమూ నేర్వవలసిందే. అయితే తొలి పాఠం బిడ్డ ఎరిగిన మాటతో మొదలు కావాలి. మనం కోరుతున్నది అదే.