జరం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు



సికిల్ సెల్ అంటే నెత్తురులోని ఎర్రకణాలు కొడవలి లెక్క వంగే జబ్బు. అంటుకునేది కాదు, ఎవరి పాపమూ కాదు. తల్లి దిక్కు నుంచి, తండ్రి దిక్కు నుంచి రెండు పక్కలా వస్తేనే బిడ్డకు జబ్బు అయితది. ఒళ్లు నొప్పులు, రక్తం తక్కువ కావడం మనం విన్నయే. అంతకన్నా పెద్ద గండం జరం.

ఎడమ పక్కటెముకల కింద ప్లీహం ఉంటది. నెత్తురులో చేరిన బ్యాక్టీరియాను జల్లెడ పట్టేది అదే. సికిల్ సెల్ పిల్లల్లో అది చిన్నతనంలోనే దెబ్బతింటది. అప్పుడు న్యూమోకోకస్ లాంటి బ్యాక్టీరియా నెత్తుట్ల చేరితే అడ్డం ఉండదు. పొద్దున ఆడుకున్న బిడ్డకు రాత్రికే ప్రాణం మీదికి వస్తది.

మా చుట్టాల పిలగానికి సందెపొద్దుకు జరం వచ్చింది. చేతిల పైసల్లేవు. సంఘం అప్పు అడుగుదామంటే మీటింగు ఇంకా నాలుగు రోజులున్నది. గోలీ వేసి పండబెట్టిన్రు. తెల్లారి దవాఖానకు పోతే, "రాత్రే ఎందుకు తేలేదు" అన్నరు. పిలగాడు బతికిండు గానీ తల్లి పుస్తెలతాడు కుదువకు పోయింది.

దీనికి ఉపాయం ఉన్నది. 1986లో అమెరికాలో 215 మంది చిన్నపిల్లలతో చేసిన పరిశోధనలో, రోజూ రెండుసార్లు పెన్సిలిన్ వేసుకున్నోళ్లకు ఈ ఇన్‌ఫెక్షన్లు నూటికి 84 వంతులు తగ్గినయి. అందుకే డాక్టరు రాసిస్తే ఐదేండ్లు నిండేదాకా మానొద్దు. న్యూమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతా ఉచితంగా ఇస్తున్నరు: 6 వారాలకు, 14 వారాలకు, 9వ నెలలో. ఒక్కటీ తప్పొద్దు.

2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏండ్ల లోపు వాళ్లకు పరీక్ష చేయాలన్నది దాని లక్ష్యం. దేవరకొండ తండాలైనా, అమ్రాబాద్ చెంచు పెంటలైనా మన పరీక్షను మనమే అడగాలె.

జబ్బున్న బిడ్డకు 101 డిగ్రీల జరం దాటితే 108కి ఫోన్ చేయాలె. దవాఖానలో మొదటి మాట "మా బిడ్డకు సికిల్ సెల్ ఉన్నది" అనాలె. అప్పుడు రక్తం పరీక్షకు తీసి, రిపోర్టు కోసం ఆగకుండా మందు ఎక్కిస్తరు.

చివరగా ఒక్క తీర్మానం అడుగుతున్న. ప్రతి గ్రామ సంఘం కొంత సొమ్ము పక్కకు పెట్టాలె. జరం వచ్చిన బిడ్డకు మీటింగు లేకున్నా, లీడరు సంతకంతో అదే రాత్రి ఇయ్యాలె. లెక్క తర్వాత మీటింగుల రాసుకుందాం. అప్పు ఆలస్యమైతే వడ్డీతో తీరుతది, బిడ్డ ప్రాణం తీరదు.