వెన్నుపాము గాయము: క్రొత్త చికిత్సలు, మన హక్కు
(బడ్జ్ బడ్జ్ తెలుగు ఉద్యోగుల సభలో ఫెడరేషన్ పక్షాన చేసిన ప్రసంగ పాఠము)



జనపనార మిల్లులు, చమురు గోదాములు గల ఈ బడ్జ్ బడ్జ్‌లో ఎత్తునుండి పడుట, బరువు మీద పడుట, షంటింగులో నలుగుట క్రొత్త వార్తలు కావు. విరిగిన చేయి అతుకుకొనును; తెగిన వెన్నుపాము అతుకుకొనదు. అందుచేత “వెన్నులో పరికరము అమర్చిన నరములు మరల మొలచును” అను వార్త వినగానే మన కుటుంబములకు ప్రాణము లేచివచ్చును. అందులో నిజమెంతయో విచారింతము.

అమెరికాలో ఇన్‌వివో థెరప్యూటిక్స్ అను సంస్థ, శరీరములో క్రమముగా కరగిపోవు పాలిమరుతో, స్పాంజివలె రంధ్రములు గల చిన్న కడ్డీని తయారుచేసినది. దెబ్బ తగిలిన కొద్దిరోజులలోనే దానిని వెన్నుపాములో ఉంచినచో, పందిరిని పట్టుకొని తీగ ప్రాకినట్లు కణములు పెరుగునని ఆశ. 2014లో తొలిసారి ఒక రోగికి అమర్చిరి. మొదటి పరీక్షలో 16 మందిలో 7గురికి ఆరునెలలకు కొంత మెరుగు కనిపించినది. అయితే ఏ పరికరము లేకయే కోలుకొనువారును కొందరుందురు గదా! అమర్చినవారిని, అమర్చనివారిని పోల్చిచూచిన రెండవ పరీక్షలో, అమర్చినవారికి అధిక లాభమేమియు లేదని 2023లో తేలినది. మరుసటి సంవత్సరమే ఆ సంస్థ దివాలా తీసినది. జపాను ప్రభుత్వము 2018లో రోగి ఎముక మజ్జ కణములతో చేయు చికిత్సకు షరతులతో అనుమతినిచ్చినది. పోలిక పరీక్ష లేకుండ ఇచ్చితిరని శాస్త్రజ్ఞులే ఆక్షేపించిరి.

పరిశోధకులను మేము నిందింపము. ఓడిన ఫలితమును దాచక ప్రకటించుట గౌరవప్రదమే. ఆశను అమ్ముకొను వ్యాపారమే మాకు కంటగింపు. భారత వైద్య పరిశోధనా మండలి 2017 మార్గదర్శకముల ప్రకారము, వెన్నుపాము గాయమునకు మూలకణ చికిత్స అనుమతి పొందిన పరీక్షగా తప్ప చేయరాదు. ప్రావిడెంటు ఫండు తీసి, పుస్తెలు తాకట్టుపెట్టి అట్టి సూదులకై పరుగెత్తవలదు.

మన చేతిలోనున్నది మొదటి గంట. గాయపడినవానిని కాళ్లు చేతులు పట్టి మోసుకొనిపోవుట మన అలవాటు. మిగిలిన నరములను సైతము అది తెంపగలదు. మెడ, నడుము కదలనీయక, పలకపై చదునుగా పరుండబెట్టి తరలించవలెను.

ఇక ఉద్యోగము. 2016 వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను ప్రకారము, సర్వీసులో అంగవైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు, హోదా తగ్గించరాదు. పాత పని చేయలేనిచో అదే వేతనముతో వేరు పోస్టు, అదియు లేనిచో అదనపు పోస్టు కల్పించవలెను. “స్వచ్ఛందముగా” రిటైరగుదునని ఆసుపత్రి మంచముమీద సంతకము చేయించుకొనువారికి ఈ సెక్షను చదివి వినిపించుడు. ప్రక్కనే పనిచేయు కాంట్రాక్టు కార్మికునకు మాత్రము ఈ నీడ లేదు. అతనికిని ఇట్టి రక్షణ కావలెననియు, ప్రతి గ్యాంగు వద్ద, ప్రతి మెయిల్ ఆఫీసులో స్ట్రెచరు పలక ఉంచి శిక్షణ ఇప్పించవలెననియు నేటి తీర్మానములో చేర్చితిమి.