సాకే చేతులకు తోడు



మన సీమలో ‘సాకడం’ అనే మాట ఉంది. కన్నా కనకపోయినా ఒక బిడ్డకు ఇంత సంగటి పెట్టి, తలదువ్వి, బడికి పంపి మనిషిని చేయడమే సాకడం. మిరపకాయ కోతలకు కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి కుటుంబాలు గుంటూరు వైపు వలసపోతే, చానా ఇండ్లల్లో పిల్లల్ని సాకేది అవ్వలే. రాయచోటి, రాజంపేట పక్క తల్లి కువైట్ పోతే సాకేది జేజో, చిన్నమ్మో. వలసపోయినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తిరిగొస్తారు. తల్లిదండ్రులు లేని పిల్లలు, ఉన్నా చూసుకోలేని పిల్లలు ఎవరి నీడన పెరగాలి? వాళ్లను సాకేవారికి ఎవరు తోడు? ఈ రోజు ఆ సంగతి చెప్పుకుందాం.

బిడ్డకు ఇల్లు ఎందుకు కావాలో సైన్సు స్పష్టంగా చెప్పింది. రొమేనియా దేశ రాజధాని బుఖారెస్ట్‌లో 2000 ప్రాంతంలో 136 మంది అనాథాశ్రమ పసిపిల్లల మీద ఒక అధ్యయనం మొదలైంది. అందులో సగం మందిని శిక్షణ, నెలనెలా డబ్బు సాయం, సలహా చెప్పే మనిషి తోడుగా ఉన్న కుటుంబాల్లో పెట్టారు. నాలుగున్నరేళ్ల వయసులో పరీక్షిస్తే, ఆశ్రమంలో ఉండమన్న పిల్లల తెలివితేటల కొలత (ఐక్యూ) సగటు 73, ఇండ్లల్లో పెరిగినవారిది 81. రెండేళ్లు నిండకముందే ఇంటికి చేరిన పిల్లలు ఇంకా బాగా కోలుకున్నారు. ఆ పెంపుడు తల్లులను ఒంటరిగా వదిలేయలేదన్న సంగతి మనం గుర్తు పెట్టుకోవాలి.

ఎందుకంటే సాకడం అంత తేలిక కాదు. కొత్తగా ఇంటికొచ్చిన ఎనిమిదేళ్ల పాప పక్క దులుపుతుంటే తలగడ కింద జొన్నరొట్టె ముక్క కనపడిందనుకోండి. ఎండిపోయి, చీమలు పట్టి ఉంది. ‘కడుపు నిండా పెడుతున్నా ఈ దొంగబుద్ధి ఏంది?’ అని మనకు కోపం వస్తుంది. ఆ బిడ్డ లెక్క వేరు. ఆకలి, భయం చానాకాలం అనుభవించిన పిల్లల ఒంట్లో కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్ల తీరు మారిపోతుంది. ఎప్పుడేం జరుగుతుందోనని మెదడు కాపలా కాస్తూనే ఉంటుంది. రేపు అన్నం దొరుకుతుందో లేదోనని ఆ చేయి రొట్టె దాస్తుంది.

అప్పుడు తిట్టొద్దు. ఒక చిన్న డబ్బాలో బొరుగులో, వేరుశెనగ ఉండలో పోసి, ‘ఇది నీదే పాపా, ఎప్పుడు కావాలంటే అప్పుడు తిను’ అని చేతికివ్వండి. ఖాళీ అయితే మళ్లీ నింపండి. కొన్ని వారాలకో, కొన్ని నెలలకో ఆ దాచుకోవడం తగ్గుతుంది. పక్క తడిపినా నలుగురిలో అనొద్దు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో డాక్టరుకు చూపించండి. రోజూ ఒకే వేళకు అన్నం, ఒకే వేళకు నిద్ర ఉంటే బిడ్డకు ధైర్యం కుదురుతుంది.

ఇక ప్రభుత్వం వైపు నుంచి ఏముందో విందాం. 2015 బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ప్రకారం బిడ్డను కొంతకాలం వేరే కుటుంబంలో పెంచవచ్చు. దీన్ని పెంపుడు సంరక్షణ అంటారు. ఇది దత్తతకు వేరు. జిల్లా బాలల సంరక్షణ విభాగం ఇల్లు చూసి, మనుషులతో మాట్లాడి నివేదిక ఇస్తుంది. నిర్ణయం బాలల సంక్షేమ కమిటీది. కుటుంబంలో బిడ్డ ఎలా ఉందో నెలనెలా చూడాలని చట్టమే చెప్పింది. ఆరేళ్లు దాటిన పిల్లలను ఇలా అప్పగిస్తారు. 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం పెళ్లికాని వారు, భర్త లేని ఆడవాళ్లు కూడా ముందుకు రావచ్చు.

మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4000 రూపాయల సాయం ఉంది. అమ్మానాయన లేక అవ్వ దగ్గరో, చిన్నమ్మ దగ్గరో పెరిగే పిల్లలకు కూడా స్పాన్సర్‌షిప్ పేరుతో ఈ సాయం అడగవచ్చు. ఈ స్పాన్సర్‌షిప్‌కు పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు.

డబ్బుతో పాటు నేర్పు కూడా అడిగి తీసుకోండి. పరిశీలనకు వచ్చిన అధికారితో ‘అంతా బాగుంది సార్’ అని పంపేయకండి. పిల్ల రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తోందని, బడికి పోనంటోందని చెప్పండి. కౌన్సెలింగ్ ఇప్పించమనండి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లోని ‘సంవాద్’ 2020 నుంచి ఇలాంటి పిల్లలతో పనిచేసేవారికి శిక్షణ ఇస్తోంది. అంటే ఇది నేర్చుకోవలసిన విద్య అని పెద్ద డాక్టర్లే ఒప్పుకున్నారు. తెలియలేదని మీరు సిగ్గుపడాల్సిన పని లేదు.

సాకే అవ్వలారా, మీ బీపీ, షుగర్ మాత్రలు మానకండి. మనసు బరువెక్కితే 14416 టెలిమానస్‌కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు. బిడ్డ గురించి ఏ సాయం కావాలన్నా నంబరు 1098. దానికి డబ్బు కట్టనక్కర లేదు.

మీ వీధిలో ఒక ముసలవ్వ మనవరాలిని ఒంటరిగా సాకుతుంటే, రేపు పొద్దున్నే పోయి ఈ రెండు నంబర్లు ఆమె గోడ మీది క్యాలెండరుపై రాసి రండి. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గరికి ఆమెను వెంటబెట్టుకుని పోండి.