తిరుగని పంకా

ఎండకాలమున మీ కారు రహదారిపై పరుగెత్తినంతసేపు చల్లగా నుండి, కూడలిలో ఎఱ్ఱదీపమువద్ద నిలిచిన కొలది నిమిషములకే వేడిమి చూపు ముల్లు పైకి లేచుచున్నదా? మొదట నీటిమట్టము చూడుడు. అది సరిగా నున్నచో, అనుమానింపవలసినది పంకానే. పరుగెత్తు కారునకు ఎదురుగాలి రేడియేటరును చల్లార్చును; నిలిచిన కారునకు పంకాయే దిక్కు.

వెనుకటి అంబాసిడరులో ఇంజనే బెల్టుతో పంకాను త్రిప్పెడిది. 1983లో వెలువడిన మారుతి 800 వంటి కార్లలో పంకాకు వేఱుగా విద్యుత్ మోటారు కలదు. అది తిరుగలేదనగానే మోటారు కాలినదని తీర్మానించి క్రొత్తది కొనుట మనలో పలువురి అలవాటు. ఇది తొందరపాటు. దోషమును ఉన్నచోటనే ఉంచి సొమ్ము వ్యయపఱచుట యగును. దోషము నిలిచియున్నంతకాలము ఇంజను కాగుచునే యుండును. అల్యూమినియపు సిలిండరు తల వంగినచో దాని ఖర్చు వేఱు.

ఒక హెచ్చరిక. ఇంజను ఆపినను కొన్ని కార్లలో పంకా తనంత తానే తిరుగనారంభించును. బ్యాటరీ తీగె విప్పనిదే రెక్కలనడుమ చేయి పెట్టరాదు. వేడిగా నున్న రేడియేటరు మూత తీయనే రాదు.

ఇంజను నడచుచుండగా ఎయిర్ కండిషనరు వేయుడు. ఒకే పంకా గల పెక్కు కార్లలో దానితోపాటు పంకాయు తిరుగవలెను. తిరిగినచో మోటారు మంచిదే; సందేహము వేడిమిని గ్రహించు సెన్సారుపై పడును. తిరుగనిచో ఫ్యూజు చూడుడు. కాలిన ఫ్యూజు స్థానమున అంతకంటె పెద్దది వేయువారు కలరు. తీగెలు కాలి కారే అంటుకొనవచ్చును. ఫ్యూజు బాగున్న, అదే సంఖ్య గల హారను రిలేను పంకా రిలే స్థానమున పెట్టి పరీక్షింపుడు.

ఇక అనుభవజ్ఞులును మోసపోవు చోటు. మోటారు కనెక్టరు ఊడదీసి మీటరు పెట్టిన 12 వోల్టులు చూపును. తగిలించిన పంకా కదలదు! మీటరునకు కావలసిన ప్రవాహము అత్యల్పము. తీగెలో ఒక్క పోగు మిగిలినను అది దాటిపోవును. మోటారునకు అనేక ఆంపియర్లు కావలెను. తుప్పుపట్టిన కొన వానిని దాటనీయదు. కావున కనెక్టరు తగిలించియే, పంకా స్విచ్చి పనిచేయుచుండగా, మోటారు ఎర్తుతీగెకును బ్యాటరీ ఋణధ్రువమునకును నడుమ మీటరు పెట్టవలెను. అర వోల్టు మించిన, ఎర్తులోనే దోషమున్నది. ఉప్పుగాలి వీచు తీరప్రాంతములలో ఇది మిక్కిలి సహజము. బ్యాటరీ తీగె విప్పి, ఆ కొనను గరుకు కాగితముతో తోమి, బోల్టు బిగించి, మరల కొలిచి చూడుడు. అప్పటికిని పంకా కదలక, మోటారుకు నిండు వోల్టులు అందుచున్నచో, మోటారు కొనుటకు బజారునకు పోవచ్చును.