మంచు స్కూటరు వెనక భాగం

కోల్‌కతా ఉక్కలో చెమట తుడుచుకుంటున్న మీకు మంచు సంగతి చెబుతున్నాను, మన్నించాలి.

1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో మనవాళ్లు సియాచిన్‌లో అడుగుపెట్టారు. తర్వాత కొన్నేళ్లకు ఇ.ఎం.ఇ. మెకానిక్‌గా నేనూ వెళ్లాను. సికింద్రాబాద్‌లో నేర్చుకున్నది ట్రక్కుల పని, అక్కడ చేతికొచ్చింది స్నో స్కూటర్. ముందు స్కీలు, వెనక రబ్బరు ట్రాక్. ట్రాక్ లోపల రెండు పట్టాలు, చిన్న చక్రాలు, స్ప్రింగులు, వీటిని ఛాసిస్‌కు కలిపే ఆర్మ్‌లు.

విరిగేది ఎప్పుడూ వెనక ఆర్మే, అదీ వెల్డింగు పక్కనే. కంపెనీ పేరెందుకు లెండి. మెత్తటి మంచులో ఒకరిద్దరు తిరగడానికి చేసిన బండి అది. మనం కిరసనాయిలు జెర్రీకాన్లు ఎక్కించి, వెనక స్లెడ్జి కట్టి, గట్టి మంచుగడ్డల మీద తోలాం.

ఆర్మ్‌కు మందపాటి పట్టీ వేసి వెల్డింగు చేశాను. ఆర్మ్ నిలిచింది. వారం తిరక్కుండా పట్టా బోల్టు రంధ్రం దగ్గర చీలింది. అదీ ఎప్పుడు? స్లెడ్జి మీద ఫ్రాస్ట్‌బైట్ తగిలిన జవాను ఉన్నప్పుడు! నలుగురం తాడుతో లాగాం. ఆ కుర్రాడికి రెండు కాలివేళ్లు పోయాయి.

ఆనక పట్టాకు రెండు వైపులా పొడుగాటి పలకలు బిగించి, బరువు ఒక్క రంధ్రం మీదే పడకుండా చేశాం.

పట్టా కింద ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. మంచు పొడి తగిలితేనే అది చల్లబడుతుంది, ఉత్త గడ్డ మీద కరుగుతుంది. మెత్తటి మంచులో తోలమని నేను, దాని కింద లోయలుంటాయని డ్రైవర్లు. ఇద్దరిదీ నిజమే. చివరికి మధ్యమధ్య బండి ఆపి, పారతో మంచు తీసి ట్రాక్ లోపల పోసేవాళ్లం.